సీమను దాటిపోకండి, ఆగి చూడండి



దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఆండీస్ కొండల నడుమ కుస్కో అనే పట్నం ఉంది. సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు ఇంకా రాజుల రాజధాని. 1983లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మాచుపిచ్చు చూడాలని బయల్దేరినవాళ్లు కూడా చాలామంది ముందు ఆ పరిసరాల్లోనే ఒకటి రెండు రోజులు ఆగుతారు. అంత ఎత్తున గాలి పలచగా ఉంటుంది కాబట్టి ఊపిరి అలవాటు పడాలి. ఆగిన ఆ రోజుల్లోనే వాళ్లకు ఆ ప్రాంతం పరిచయమవుతుంది. సున్నం లేకుండా రాయికి రాయి అతికించి ఇంకాలు కట్టిన గోడలు చూస్తారు. సంతకు వెళ్లి ఆ కొండల్లో పండిన రకరకాల బంగాళదుంపలు, మొక్కజొన్నలు రుచి చూస్తారు. అక్కడివాళ్లతో నాలుగు మాటలు కలుపుతారు.

మా కడప, కర్నూలు సీమలో మనిషిని అలా ఆపే ఎత్తు లేదు. కడప సముద్రమట్టానికి సుమారు 140 మీటర్లే. ఇక్కడ ఊపిరి అలవాటు చేసుకోవాల్సిన పని లేదు కాబట్టి ఎవరూ ఆగరు. ముంబయి నుంచి చెన్నై వెళ్లే రైళ్లు మా ఊళ్ల మీదుగానే పోతాయి. తిరుపతి యాత్రికులు లక్షల మంది మా దారినే వెళ్తారు. కిటికీలోంచి ఎర్రమట్టి, నల్లబండలు, ముళ్లకంప చూసి, ఇక్కడ చూసేందుకు ఏముందిలే అనుకుంటారు. మిగిలింది సినిమా చెప్పింది. బాంబులు, వేటకొడవళ్లు, తెల్లచొక్కాలు. అది చూసి సీమ అంటే అంతే అనుకున్నవాళ్లు ఎంతోమంది. ఆ మాట విన్న ప్రతిసారీ మా మనసు నొచ్చుకుంటుంది.

అందుకే ఈరోజు మిమ్మల్ని మా నేలకు పిలవాలని వచ్చాను. రెండు మూడు రోజులు ఆగితే ఏం చూడవచ్చో, ఏం తినవచ్చో, ఎవరితో మాట్లాడవచ్చో చెబుతాను. ఒక్క సంగతి మనసులో పెట్టుకుని వినండి. ఈ నేలకు నీళ్లు తక్కువ. ఇక్కడి కొండ, కంచం, గుడి, మనుషుల నడత అన్నిటి వెనకా ఆ నీళ్ల కొరత ఉంది. కొరతలో మనుషులు ఏం కట్టుకున్నారో, ఏం వండుకున్నారో, ఎలా కలిసి బతికారో చూడాలంటే సీమకు రావాలి.

ముందు కాలం సంగతి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి రోజులు. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది, బండలు నిప్పులు కక్కుతాయి. అప్పుడు రావద్దు. బంగినపల్లి మామిడి కోసం వచ్చేవాళ్లు మాత్రం ఎండాకాలమే రావాలి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పండుకు పేరునిచ్చిన బనగానపల్లె మా సీమ ఊరే.

కడపలో దిగండి. పొద్దున్నే హోటలుకు వెళ్లి కారం దోశ అడగండి. పెనం మీద దోశ పోసి, ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కాలుస్తారు. పక్కన చెనక్కాయల చట్నీ పెడతారు. కారం తినలేమనుకునేవాళ్లు ముందే చెబితే తగ్గించి పూస్తారు.

తిన్న తర్వాత దేవుని కడపకు వెళ్లండి. లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి. తిరుమల యాత్రకు ఇది తొలిగడప అని భక్తుల నమ్మకం. ఈ గుడిలో ఉగాది నాడు ఒక దృశ్యం కనిపిస్తుంది. ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు, పూలు పట్టుకుని బారులుతీరి వస్తాయి. స్వామివారి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని వాళ్ల నమ్మకం. ఆడబిడ్డను ఇచ్చిన ఇంటికి పండగపూట వెళ్లడం మన ఆచారం కదా, వాళ్లూ అందుకే వస్తారు. ఈ ఆచారం ఏ ప్రభుత్వమూ పెట్టింది కాదు, ఎవరో ఉపన్యాసం చెబితే మొదలైందీ కాదు. ఇళ్లలో పెద్దవాళ్ల నుంచి పిల్లలకు వస్తోంది. అదే ఊళ్లో అమీన్ పీర్ దర్గా ఉంది. మేము పెద్ద దర్గా అంటాం. ఉరుసు రోజుల్లో అక్కడ నిలబడి చూస్తే ఎవరు ఏ మతమో పోల్చుకోలేరు. ఎవరి మొక్కు వాళ్లది, వరస మాత్రం ఒకటే.

కడపలోనే తెలుగువాళ్లందరూ తప్పక చూడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కంపెనీ ఉద్యోగిగా ఈ ఊరికి వచ్చాడు. తర్వాత ఇక్కడే ఒక బంగళా కొన్నాడు. తాటాకుల్లో పురుగు పట్టిపోతున్న తెలుగు కావ్యాలను వెతికించి, పండితులకు సొంత జీతమిచ్చి ఆ బంగళాలో ప్రతులు రాయించాడు, పాఠాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఆయన నిఘంటువును ఇవాళ్టికీ మనం తెరుస్తూనే ఉన్నాం. ఆ బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఇంటింటికీ తిరిగి, పుస్తకాలు, విరాళాలు అడిగి దాన్ని నిలబెట్టారు. ఒక పూట అక్కడి బల్ల దగ్గర కూర్చోండి.

రెండోరోజు తెల్లవారుజామునే గండికోట దారి పట్టండి. కడప నుంచి సుమారు 80 కిలోమీటర్లు. దారిలో ఎర్రగుంట్ల వస్తుంది. ఆ మండలంలోనే కలమల్ల అనే పల్లె ఉంది. అక్కడి గుడి ఆవరణలో దొరికిన శాసనం సుమారు 575వ సంవత్సరానిది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించాడు. పూర్తిగా తెలుగులో దొరికిన శాసనాల్లో అత్యంత పాతదిగా పండితులు దీన్ని లెక్కిస్తారు. రాజులు సంస్కృతంలోనో ప్రాకృతంలోనో శాసనాలు వేయించే రోజుల్లో, మా కరువు నేల మీది చిన్న రాజ్యం ఊళ్లో జనం మాట్లాడే భాషను రాతి మీదికి ఎక్కించింది. మన భాష చరిత్రలో ఇంత పెద్ద మెట్టు ఉన్న పల్లె ఎంత మామూలుగా ఉంటుందో వెళ్లి చూడండి.

ఇక గండికోట. నంది కొండల్లో పుట్టిన పెన్న ఇక్కడ ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పోయింది. అంచున నిలబడితే రెండు వైపులా ఎర్రటి బండలు పలకలు పలకలుగా పేర్చినట్టు వందల అడుగుల లోతుకు దిగిపోతాయి. అడుగున నీళ్లు. ఆ పొరలు ఒక్కొక్కటి ఒకనాటి నీటి అడుగున ఇసుక, బురద పేరుకుని గట్టిపడినవి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతమంతటినీ కలిపి కడప బేసిన్ అంటారు. ఆండీస్ కొండలు ఇప్పుడున్న ఎత్తుకు లేచింది గడచిన కొద్ది కోట్ల ఏళ్లలోనే. మా బండల వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాట. వానలు మెండుగా కురిసే చోట చెట్టూ చేమా కమ్ముకుని భూమి పొరలను కప్పేస్తాయి. ఇక్కడ కప్పడానికి పచ్చదనం చాలలేదు కాబట్టే ఆ వయసంతా కంటికి కనిపిస్తోంది.

కోట లోపల మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం, జైలు ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తర్వాతా పెమ్మసాని నాయకులు ఇక్కడి నుంచి ఏలారు. పదిహేడో శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే అతణ్ని కలుసుకునేందుకు ఇక్కడికి వచ్చాడు, తన యాత్రా గ్రంథంలో ఈ కోట గురించి రాశాడు. కోటను చూసేటప్పుడు ధాన్యాగారం దగ్గర కాసేపు ఆగమంటాను. ముట్టడి వచ్చినా, కరువు వచ్చినా లోపలి జనం ఎన్నాళ్లు నిలబడతారన్నది ఆ గదుల్లోని గింజల మీదే ఆధారపడి ఉండేది. కోట కట్టినవాళ్లు ఫిరంగుల కంటే ముందు తిండినీ, చెరువునూ తలచుకున్నారు.

ఒక జాగ్రత్త. లోయ అంచున చాలాచోట్ల అడ్డుగోడ లేదు. ఫోటో కోసం అంచు దాకా వెళ్లొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. నీడ తక్కువ, నీళ్లు వెంట తీసుకెళ్లండి. సూర్యోదయం వేళ వెళితే ఎండా ఉండదు, బండల రంగు మారడమూ చూడవచ్చు.

గండికోట నుంచి సుమారు 60 కిలోమీటర్లు వెళితే బెలుం గుహలు. పైన మామూలు చేను. కింద సున్నపురాతిలో నీళ్లు లక్షల ఏళ్లు తొలుచుకుంటూ పోయిన దారులు. ఇప్పటికి కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబాయర్ నాయకత్వంలో జర్మన్ బృందం దిగి లోపలి దారులను పటం గీసింది. దీపాలు, మెట్లు పెట్టి కొంతమేర సందర్శకులకు తెరిచారు. లోపల ఉక్కగా ఉంటుంది, చొక్కా తడిసిపోతుంది. అయినా పాతాళగంగ దాకా వెళ్లి రండి. భూమి పైన చుక్క నీటి కోసం వెతుక్కునే నేలలో, కింద ఎక్కడో నీళ్లు పారుతూనే ఉన్నాయని అక్కడ తెలుస్తుంది. సప్తస్వరాల గుహలో రాళ్లను కొట్టి చూడాలని అనిపిస్తుంది. కొట్టకండి. అంత పెరగడానికి ఆ రాయికి వేల ఏళ్లు పట్టింది.

ఇంత తిరిగాక ఆకలి వేస్తుంది. సీమ తిండి గురించి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. మధ్యాహ్నం రాగిసంగటి తినండి. బియ్యం మెత్తగా ఉడుకుతుండగా రాగిపిండి పోసి, సంగటి కట్టెతో ఉండలు లేకుండా కెలికి, ముద్ద చేసి పెడతారు. దానిలోకి నాటుకోడి పులుసు గాని, పొట్టేలు కూర గాని ఉంటుంది. మాంసం తిననివాళ్లకు పుంటికూర పప్పు, ఊరిబిండి. వేయించిన చెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, ఉల్లిగడ్డ రోట్లో వేసి కచ్చాపచ్చాగా నూరితే ఊరిబిండి. సంగటి ముద్ద నడుమ గుంట చేసి, నెయ్యి పోసుకుని, ఊరిబిండి నంజుకుంటూ తింటే సాయంత్రం దాకా ఆకలి అనిపించదు. ఎండలో చేనిపని చేసే మనిషి కోసం కుదిరిన వంట అది.

ఈ కంచంలోని గింజల ప్రయాణం చూడండి. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల పంట. వేల ఏళ్ల కింద మన దేశానికి వచ్చింది. చెనక్కాయ పుట్టిల్లు ఆండీస్ కొండల దిగువన, ఇప్పటి బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతం. మిరప జాతి మొదట పుట్టిందీ ఆండీస్ వెంబడే. అక్కడి నుంచి అమెరికా ఖండాలంతటా పాకి, సాగులోకి వచ్చి, పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో మన తీరం చేరింది. ఎక్కడెక్కడి పంటలనో మా రైతులు ఎందుకు తమవి చేసుకున్నారు? తక్కువ వానకు తట్టుకుంటాయి కాబట్టి. రాగి, జొన్న, కొర్ర, చెనక్కాయ అన్నీ ఆ పరీక్షకు నిలిచినవే. బెజవాడ వైపు కృష్ణ కాలువ కింద వరి పండించినంత సులువుగా ఇక్కడ పండదు. అందుకే మా వంటిల్లు చిరుధాన్యాల మీద నిలబడింది. నగరాల్లో డాక్టర్లు చెబితే ఇవాళ కొంటున్న కొర్రలు, రాగులు మా అవ్వలు ఏనాడూ వదల్లేదు.

కర్నూలు, నంద్యాల వైపు వెళితే పొద్దున్న ఉగ్గాని బజ్జి తప్పనిసరి. బొరుగులు నీళ్లలో తడిపి, పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపుతో తాలింపు పెట్టి, పప్పుల పొడి కలుపుతారు. పక్కన మిరపకాయ బజ్జి. అటువైపు చెనక్కాయలను బుడ్డలు అంటారు, అలా అడిగితే బండి దగ్గర మనిషి మిమ్మల్ని తన ఊరివాళ్లలా చూస్తాడు. రాత్రికి జొన్నరొట్టె, పప్పు. పండగ రోజుల్లో వస్తే ఓళిగలు, అత్తిరాసాలు. భోజనమయ్యాక కడప దగ్గరి చెన్నూరు తమలపాకు వేసుకుంటే విందు పూర్తయినట్టు.

మూడోరోజు ఎటు వెళ్లాలన్నది మీ ఇష్టం. రెండు దారులు చెబుతాను.

తూర్పు దారిలో ఒంటిమిట్ట కోదండరామాలయం ఉంది, కడప నుంచి పాతిక కిలోమీటర్లు. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో కొలువై ఉన్నారు. ఇక్కడ రాముడి పెళ్లి పగలు జరగదు, పున్నమి వెన్నెల్లో జరుగుతుంది. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాలతో శ్రీరామనవమి ఉత్సవాలు ఇక్కడే చేస్తున్నారు. ఆ గుడికి ఆ వెలుగు ఊరికే రాలేదు. గుడి శిథిలమై, నైవేద్యానికి కూడా కరువైన కాలంలో వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప చేతపట్టి ఊరూరా తిరిగి అడిగి, స్వామికి నగలు చేయించారు, గుడిని బాగు చేయించారు. ఇంకొంచెం ముందుకు వెళితే రాజంపేట దగ్గర తాళ్లపాక, అన్నమాచార్యులు పుట్టిన ఊరు. తిరుగుదారిలో పెన్న ఒడ్డున సిద్ధవటం కోట, మట్లి రాజులది.

ఆ కొండల్లోనే ఎర్రచందనం పెరుగుతుంది. శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, లంకమల చుట్టుపక్కల తప్ప ఆ చెట్టు తనంతట తాను పెరిగే చోటు ప్రపంచంలో దాదాపు లేదు. లంకమల అడవి అంచుల్లోని ముళ్లపొదల్లో కలివి కోడి ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న పిట్ట. 1986లో ఇక్కడే మళ్లీ దొరికింది. దాని ఆనవాలు పట్టింది ఊళ్లోని వేటగాళ్లు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు కలిసి. ఎందుకూ పనికిరాదని మనం అనుకునే ముళ్లకంపే ఆ పిట్టకు ఇల్లు. రైలు కిటికీలోంచి చూసిన బీడు భూమి మీద ఇంకొకసారి ఆలోచించమని ఆ పిట్ట అడుగుతోంది.

ఉత్తరపు దారిలో యాగంటి, మహానంది, అహోబిలం. మహానంది కోనేటిలో అడుగున వేసిన నాణెం కూడా పైకి కనిపించేంత తేట నీళ్లు ఏడాది పొడుగునా ఊరుతూ ఉంటాయి. యాగంటికి దగ్గరలో జ్వాలాపురం ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కింద సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద గాలిలో వచ్చి ఇక్కడ మేటలు వేసింది. ఆ బూడిద పొర కిందా పైనా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. అంతటి విపత్తు వచ్చాక కూడా మనుషులు ఈ లోయలో నిలిచారని పరిశోధకుల అభిప్రాయం.

అహోబిలంలో నల్లమల కొండల నడుమ తొమ్మిది నరసింహ క్షేత్రాలు ఉన్నాయి. కనుమ నాడు పార్వేట ఉత్సవం మొదలవుతుంది. స్వామి పల్లకీ ఎక్కి నలభై రోజులకు పైగా పల్లెపల్లెకూ తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. అటు దేవుని కడపలో ముస్లింలకు అల్లుడు, ఇటు అహోబిలంలో చెంచులకు అల్లుడు. మా సీమలో దేవుడితో కూడా చుట్టరికమే కలుపుకుంటారు. కరువు రోజుల్లో మనిషికి మనిషి తోడైతేనే బతుకు సాగుతుంది, కలుపుకోవడం ఇక్కడి జనానికి అవసరమై, అలవాటై, భక్తిలోకీ చేరింది. ఇది నా నమ్మకం.

చివరికి కర్నూలు చేరండి. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. కొండారెడ్డి బురుజు ఎక్కి ఊరిని చూడండి, సాయంత్రం తుంగభద్ర ఒడ్డుకు వెళ్లండి.

ఇప్పుడు రెండు విన్నపాలు. వచ్చేవాళ్లకు ఒకటి. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతే మీ డబ్బు పెట్రోలు బంకులోనే ఆగిపోతుంది. ఒక రాత్రి ఉండండి. ఊళ్లో ఆడవాళ్లు వండిన సంగటి తినండి. దారి చూపే కుర్రాడికి కూలి ఇవ్వండి. గోడల మీద పేర్లు చెక్కకండి, తాగిన సీసాలు లోయలోకి విసరకండి.

రెండో విన్నపం మా సీమవాళ్లకే. పరాయివాళ్లు వచ్చి మెచ్చుకునేదాకా మన ఊరి విలువ మనకు తెలియకపోతే, అది కాపాడుకోవడం కూడా మన చేతిలో ఉండదు. పిల్లలకు సినిమా సీమను చూపించింది చాలు. పంతులుగారూ, పంతులమ్మగారూ, ఈసారి బడి విహారయాత్రకు దూరపు నగరాలు వద్దు. పిల్లలను కలమల్లకు తీసుకెళ్లి తెలుగు తొలి శాసనం దొరికిన ఊరు చూపించండి. బెలుంకు తీసుకెళ్లి భూమి పాఠం అక్కడే చెప్పండి. తమ నేల ఏమిటో తెలిసిన పిల్లలే రేపు దాన్ని ఇతరులకు గర్వంగా చూపిస్తారు, పాడు చేయబోయేవాళ్ల చెయ్యి పట్టుకుని ఆపుతారు.